ఏకపక్ష స్పర్ధ

(ఆలయ ప్రాంగణమున విద్యార్థినీ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



స్వామివారి సన్నిధిలో ఈ సాయంకాలము ఇందరము కూడుకొనుట మన భాగ్యము. సభలో పెద్దలున్నారు, మాతృమూర్తులున్నారు. ముందు వరుసలలో మాత్రము కళాశాలలలో చదువుకొనుచున్న యువతీయువకులు కూర్చున్నారు. కనుక వారికి నిత్యము ఎదురగు ఒక విషయమును తీసుకొని, దానిని మన ఇతిహాస పురాణముల వెలుగులో విచారింప దలచినాను. ఆ విషయము స్పర్ధ. వాడుక మాటలో పోటీ. అందులోను ఒక వింతయైన పోటీ. ఒక పక్షమువారు మాత్రమే దానిని పోటీ అనుకొందురు. రెండవ పక్షమువారికి ఆ సంగతియే తెలియదు, తెలిసినను పట్టదు. దీనిని మనము ఏకపక్ష స్పర్ధ అందము.

దేవాలయములో ఆటల ముచ్చట ఏమిటని పెద్దలు అనుకొనవచ్చును. మనిషి మనస్సు ముసుగు లేకుండ బయటపడు చోట్లలో ఆటస్థలము ఒకటి. గెలిచిన క్షణమునను, ఓడిన క్షణమునను మన లోపల ఏమున్నదో మనకే తెలియును. అందుచేత ఈ విచారణ అక్కడనుండియే ఆరంభింతము.

పెద్ద కళాశాల – చిన్న కళాశాల

మన గుంటూరు, ప్రకాశము మండలములను చూడుడు. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో ఆరంభమైనది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో ఏర్పడినవి. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము వెలసినది. ఆ తరువాత ప్రత్తి చేలకును మిరప తోటలకును నడుమనున్న చిన్న పట్టణములలో సైతము కళాశాలలు లేచినవి. ఇట్లు శతాబ్దము దాటిన విద్యాలయములును, నిన్న మొన్న పుట్టినవియు ఒకే మైదానములో తలపడవలసి వచ్చుచున్నది.

ఒక వైపు విశాలమైన ఆటస్థలము, వసతి గృహము, జీతమిచ్చి నియమించిన శిక్షకుడు, ఏరుకొనుటకు వేలకొలది విద్యార్థులు. మరొక వైపు అద్దె భవనము, ఊరి బయట ముండ్లు ఏరి చదును చేసికొన్న బయలు, జట్టు నిండుటకే చాలీ చాలని కుర్రవాండ్రు. ఓడినవారు ఇంటికి పోవలెనను పద్ధతిలో పోటీలు జరుగునప్పుడు, చిన్న కళాశాలకు మొదటి ఆటలోనే పెద్ద కళాశాల ఎదురైనచో, ఉదయము బయలుదేరిన జట్టు మధ్యాహ్నపు బస్సులో తిరిగి వచ్చును. ఆ తరువాత ఏడాది పొడవునను ఒకటే మాట: “ఈసారి వాళ్ళను కొట్టి తీరవలె.” చిత్రమేమనగా, ఆ పెద్ద కళాశాల విద్యార్థులను అడిగినచో ఆ ఊరి పేరైనను వారికి గుర్తుండదు. వారి దృష్టి వేరొక ఊరిపై నుండును.

ఇది తప్పా? ఇంతవరకు తప్పు లేదు. బలవంతుని చూచి బలము పెంచుకొనవలెననుట ఉత్తమమైన కోరికయే. మన ప్రశ్న ఒక్కటే. ఏడాది పొడవునను మనస్సులో నిలిపికొన్న ఆ ఎదుటి జట్టు మనకు కొలబద్దగా నున్నదా, కంటిలో నలుసుగా నున్నదా? కొలబద్దయైనచో మన ఎత్తు పెరుగును. నలుసైనచో మన చూపే చెడును. వారికి గాయమైనదని విని సంతోషించుట, వారు మరొకరి చేతిలో ఓడినప్పుడు టపాకాయలు కాల్చుట, ఓటమికి న్యాయనిర్ణేతను తిట్టుట, తిరుగు ప్రయాణములో బస్సుపై రాయి విసరుట, ఇవన్నియు ఆ నలుసు చేయు పనులు.

మదము – మాత్సర్యము

మన పెద్దలు లోపలి శత్రువులను ఆరుగురుగా చెప్పినారు. కామ, క్రోధ, లోభ, మోహములు నాలుగు. అయిదవది మదము, ఆరవది మాత్సర్యము. ఏకపక్ష స్పర్ధలో ఈ చివరి రెండును ఒకే ఆటలో, ఎదురెదురు పక్షములలో పుట్టును. ఎల్లప్పుడు గెలుచువానిలో మదము మొలచును. ఎల్లప్పుడు ఓడువానిలో మాత్సర్యము మొలచును. బయటి ఆటలో ఒకరు గెలిచి ఒకరు ఓడుదురు. లోపలి ఆటలో ఇద్దరును ఓడవచ్చును. ఇద్దరును గెలువవచ్చును గూడ. నేడు నేను చెప్ప దలచిన మాట ఇదియే.

తెలుగు నేలపై ఒక నిదర్శనము

మన తెలుగువారి క్రికెట్ చరిత్రలో దీనికి మంచి నిదర్శనమున్నది. రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు 1953–54లో మొదటిసారి అడుగు పెట్టినది. అప్పటికే ఏబది యేండ్లు దాటిన సి. కె. నాయుడుగారు ఆ జట్టునకు నాయకత్వము వహించినారు. పొరుగున హైదరాబాదు జట్టు పాతది, బలమైనది. 1937–38లో ఒకసారి, 1986–87లో మరొకసారి ఆ ట్రోఫీని గెలిచినది. ఆంధ్రవారికి హైదరాబాదుతో ఆట అనగా ప్రతిష్ఠతో ముడిపడిన ఆట. హైదరాబాదువారికి మాత్రము దక్షిణ మండలములో మద్రాసు, కర్ణాటక వంటి జట్లే గట్టి పరీక్ష.

1994 జనవరిలో సికింద్రాబాదులో ఈ రెండు జట్లును తలపడినవి. హైదరాబాదు ఆరు వికెట్లు మాత్రమే కోల్పోయి 944 పరుగులు చేసినది. ఎం. వి. శ్రీధర్ 366, వివేక్ జైసింహ 211, నోయల్ డేవిడ్ ఔట్ కాకుండ 207 పరుగులు చేసినారు. ఒకే ఇన్నింగ్సులో ముగ్గురు ద్విశతకములు దాటినారు. ఆ ఎండలో బంతి విసరిన ఆంధ్ర యువకుల శ్రమను ఒకసారి ఊహించుడు. పోటీ ఎంత ఏకపక్షము కాగలదో చెప్పుటకు ఇంతకంటె వేరు లెక్క అక్కరలేదు.

కాలచక్రము ఆగలేదు. 2010 నవంబరులో జయపురములో రాజస్థాన్ జట్టు అదే హైదరాబాదును 21 పరుగులకు ఆలౌట్ చేసినది. 944 చేసిన పేరే 21 చేసినది. ఆటగాండ్రు వేరు కావచ్చును, పేరు ఒక్కటే. గెలుపు మన సొత్తు అనుకొనువారు ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూచుకొనవలెను.

ఇంకొక సంగతి. 2002లో హైదరాబాదు తరపున ఆడిన పదునేడేండ్ల బాలుడు అంబటి రాయుడు ఒకే ఆటలో ఆంధ్ర జట్టుపై 210 పరుగులును, రెండవ ఇన్నింగ్సులో ఔట్ కాకుండ 159 పరుగులును చేసినాడు. అతడు పుట్టినది మన గుంటూరులోనే. మనము శత్రువు అనుకొన్న పక్షములో మన పిల్లవాడే నిలిచియున్నాడు. మరి శత్రువు ఎవరు? జట్ల నడుమ గీచిన గీత సుద్దతో గీచిన గీత. సాయంకాలమునకు అది చెరిగిపోవలెను.

విశ్వామిత్రుడు గెలిచిన విధము

ఏకపక్ష స్పర్ధకు మన వాఙ్మయములో మొదట చెప్పదగిన కథ విశ్వామిత్రునిది. బాలకాండములో మిథిలలో శతానందుడు శ్రీరామునకు ఈ కథను వినిపించినాడు. విశ్వామిత్రుడు రాజుగా నున్న కాలములో సేనతో వసిష్ఠుని ఆశ్రమమునకు వచ్చినాడు. శబల యను కామధేనువు ఆ సేనకంతయు విందు చేసినది. రాజు ఆ ధేనువును కోరినాడు. ఋషి ఇయ్యలేదు. బలాత్కారము జరిగినది. రాజు సేనలు నశించినవి. తపస్సు చేసి అస్త్రములు సంపాదించి తిరిగి వచ్చినాడు. వసిష్ఠుడు బ్రహ్మదండమును ముందు నిలిపి నిలుచున్నాడు. బ్రహ్మాస్త్రము సైతము ఆ దండములో అణగిపోయినది.

ఇక్కడ గమనింపవలసినది ఒకటున్నది. వసిష్ఠుడు విశ్వామిత్రుని మీదికి దండెత్తి పోలేదు. అతనిని మించవలెనని తపస్సు చేయలేదు. అతనిని గురించి తలపోయుచు రాత్రులు గడపలేదు. స్పర్ధ అంతయు విశ్వామిత్రుని మనస్సులోనే ఉన్నది. విశ్వామిత్రుని ప్రేరణచేత వసిష్ఠుడు తన నూరుగురు కుమారులను పోగొట్టుకొన్నట్లు భారతములో కలదు. అంతటి శోకములోను ఆయన ప్రతీకారమునకు పూనుకొనలేదు.

విశ్వామిత్రుడు ఎన్ని పర్యాయములు జారినాడో చూడుడు. త్రిశంకుని కొరకు కూడబెట్టిన తపస్సును వెచ్చించినాడు. మేనక వలన పదియేండ్లు పోయినవి. రంభను శపించి క్రోధమునకు లోబడినాడు. ప్రతిసారియు తపస్సు కరగినది. చివరకు తూర్పు దిక్కునకు పోయి, మౌనము వహించి, వేయి సంవత్సరములు నియమముతో నిలిచినాడు. వ్రతము ముగిసి అన్నము ముందు కూర్చున్న వేళ ఇంద్రుడు బ్రాహ్మణ వేషములో వచ్చి ఆ అన్నమును అడిగినాడు. మారుమాట లేకుండ అంతయు ఇచ్చివేసి, ఆకలితోనే తిరిగి తపస్సులో కూర్చున్నాడు. కోపము రాలేదు. ఆనాడు అతడు గెలిచినాడు. గెలిచినది వసిష్ఠుని కాదు, తన్ను తాను.

అప్పుడు బ్రహ్మ వచ్చి బ్రహ్మర్షివని పలికినాడు. విశ్వామిత్రుడు కోరినదేమి? ఆ మాట వసిష్ఠుని నోట వినవలెనని. వసిష్ఠుడు వచ్చి సంతోషముతో ఆ మాట పలికినాడు. విశ్వామిత్రుడు వసిష్ఠుని పూజించినాడు. చూచినారా! ఎవరిని ఓడింపవలెనని బయలుదేరినాడో, ఆయన మెప్పే తుది బహుమతియైనది. ఎదుటి జట్టు నాయకుడు వచ్చి చేయి కలిపి “బాగుగా ఆడినారు” అని చెప్పుటకంటె గొప్ప కప్పు క్రీడలలో లేదు.

పౌండ్రకుడు ఓడిన విధము

దీనికి మారుముఖమైన కథ పౌండ్రకునిది. భాగవత దశమ స్కంధములో వచ్చును. కరూశ దేశపు రాజు. తానే నిజమైన వాసుదేవుడనని నమ్మినాడు. శంఖ చక్రములను, కౌస్తుభమును, గరుడ ధ్వజమును నకలు చేయించుకొన్నాడు. ఆ చిహ్నములు విడిచిపెట్టుమని శ్రీకృష్ణునికి దూతను పంపినాడు. దూత మాటలు విని ద్వారక సభ నవ్వినది. అంతవరకు ఆ సభలోనివారికి అట్టి ప్రత్యర్థి యొకడున్నాడను తలంపే లేదు. పౌండ్రకునకు మాత్రము పగలు రాత్రి అదే తలంపు.

విశ్వామిత్రుడు వసిష్ఠుని తపస్సును అనుసరించినాడు. పౌండ్రకుడు కృష్ణుని వేషమును అనుసరించినాడు. ఇదే తేడా. పెద్ద జట్టు వలె చొక్కాలు కుట్టించుకొనుట సులభము, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పరుగెత్తుట కష్టము. అయినను భాగవతము పౌండ్రకుని సైతము త్రోసివేయలేదు. వైరముతోనైనను ఎల్లవేళల హరినే తలచుటచేత తుదకు హరి సారూప్యమే పొందినాడని చెప్పినది. మనస్సు దేనిని విడువక పట్టుకొనునో దాని రూపమే పొందును. అందుచేత ఎదుటివానిలో ఏ గుణమును పట్టుకొందుమో జాగ్రత్తగా ఎంచుకొనవలెను. అతని నేర్పును పట్టుకొన్నచో నేర్పు వచ్చును. అతని గర్వమును పట్టుకొన్నచో అదియే వచ్చును.

గెలిచినవాని ధర్మము

ఇంతవరకు ఓడువారిని గురించి చెప్పినాను. గెలుచువారికి ధర్మము లేదా? దీనికి దూరదేశపు కథ యొకటి చెప్పెదను. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున నోటర్ డేమ్ అను విశ్వవిద్యాలయమున్నది. 1842లో క్రైస్తవ గురువులు స్థాపించినారు. ఆ దేశపు ఫుట్‌బాల్ ఆటలో దానికి గొప్ప పేరు. అన్నపోలిస్ పట్టణమున నౌకాదళ అకాడమీ యున్నది. ఈ రెండును 1927 నుండి తలపడుచు వచ్చినవి. 1963లో నౌకాదళమువారు 35–14తో గెలిచినారు. ఆ మరుసటి ఏటినుండి 2006 వరకు వరుసగా 43 పర్యాయములు ఓడినారు. తండ్రి విద్యార్థిగా చూచిన ఓటమినే కుమారుడును విద్యార్థిగా చూచినాడు.

ఇంత ఏకపక్షమైన ఆటను నోటర్ డేమ్ వారు ఏల విడువలేదు? రెండవ ప్రపంచ యుద్ధ కాలములో విద్యార్థులు సైన్యమునకు పోయి ఆ విశ్వవిద్యాలయము మూతపడు స్థితికి వచ్చినది. అప్పుడు నౌకాదళము తన అధికారుల శిక్షణను అక్కడ నడిపి, ఆ సంస్థను నిలబెట్టినది. ఆ ఉపకారమును వారు మరువలేదు. మీరు కోరినంత కాలము మీతో ఆడుదుమని మాట ఇచ్చినారు. గెలుపు ఓటములకు మించిన కృతజ్ఞత ఆ ఆటకు పునాదియైనది.

2007 నవంబరు 3వ తేదీన, నోటర్ డేమ్ సొంత మైదానములోనే, అదనపు సమయము మూడుసార్లు ఇచ్చిన పిమ్మట నౌకాదళమువారు 46–44తో గెలిచినారు. 43 ఏండ్లు ఓడి, ప్రతి ఏడును తిరిగి వచ్చి నిలుచున్నవారికే ఆ దినము దక్కినది. ఆ ఆట ముగిసిన తరువాత రెండు జట్లును కలసి నిలుచుండి, ఒకరి కళాశాల గీతమును మరొకరు గౌరవించుట అక్కడి ఆచారము.

మన పెద్ద కళాశాలల విద్యార్థులు ఈ కథను మనస్సులో నుంచుకొనవలెను. చిన్న ఊరి జట్టు వచ్చినప్పుడు వారి పేరు అడిగి తెలిసికొనుడు. మంచినీరు ఇయ్యుడు. ఆటలో చులకనగా రెండవ శ్రేణి ఆట ఆడవలదు. పూర్తి బలముతో ఆడుటయే ఎదుటివారికి ఇచ్చు గౌరవము. గెలిచిన పిమ్మట వారికి ఒక మెలకువ చెప్పి పంపుడు. వసిష్ఠుని స్థానము అది.

బండ లాగుడు నేర్పు పాఠము

సమానులతోనే పోటీ పడవలెనను వివేకము మన రైతులకు ఎన్నడో తెలియును. మన తిరునాళ్ళలో ఒంగోలు జాతి ఎద్దుల బండ లాగుడు పోటీలు జరుగును గదా! అక్కడ పాల పళ్ళ గిత్తలను ముదురు ఎద్దులతో పోటీకి దింపరు. పాల పళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పళ్ళను చూచి విభాగములు చేయుదురు. భారత యుద్ధమునకు ముందు రథికుడు రథికునితో, పదాతి పదాతితో పోరవలెనని చేసికొన్న కట్టుబాటు వంటిదే ఇది.

అంతకంటె గొప్ప విషయము మరొకటి. ఒక జత లాగునప్పుడు ఎదుట మరొక జత ఉండదు. ఎదుట నున్నది బండ, నేల, గడియారము. ఇచ్చిన సమయములో ఎన్ని అడుగులు లాగినదో కొలుతురు. ఎద్దునకు ప్రక్క ఊరి ఎద్దుపై పగ లేదు. దాని కాడి, దాని బండ, దాని శక్తి, అంతే. పందెము పగగా మారినచో ఏమగునో గూడ ఈ నేలయే చూచినది. పల్నాటిలో నాగమ్మకును బ్రహ్మనాయునికిని నడుమ జరిగిన కోడిపందెము మాచర్లవారి వలసకును, తుదకు కార్యమపూడి రణమునకును దారి తీసినట్లు వీరగాథలు చెప్పుచున్నవి. ఈనాటికిని కారంపూడిలో కార్తికమాసమున ఆ వీరులకు ఆరాధన జరుగుచున్నది. ఆ ఆరాధనలో పాల్గొనువారు శౌర్యమును స్మరింతురు. మూలములోని పందెమును గూడ స్మరించుట మంచిది.

ఆటస్థలము వెలుపల

తల్లిదండ్రులారా! ఇప్పుడు మీకొక మాట. ఏకపక్ష స్పర్ధ ఆటస్థలముతో ముగియదు. పొరుగింటి పిల్లవానికి వచ్చిన ర్యాంకును మన పిల్లవాని ముందు ప్రతిదినము పెట్టునప్పుడు మనము చేయుచున్నది ఇదియే. ఆ పొరుగు బాలునకు తానొకరికి ప్రత్యర్థినని తెలియదు. మన బిడ్డ మాత్రము రాత్రింబవళ్ళు అతనితో పోరాడి అలసిపోవుచుండును. ఆ పోరాటములో ఓడినానని ప్రాణమే తీసికొను పిల్లలను గురించి మనము వార్తాపత్రికలలో చదువుచున్నాము. పిల్లవానికి నిన్నటి తనను కొలబద్దగా చూపుడు. పొరుగువానిని స్నేహితునిగా చూపుడు.

పొలములోను ఇంతే. ప్రక్క చేనివాడు ఎకరమునకు ఎన్ని క్వింటాళ్ళ మిరప తీసినాడో విని, అతని నేల ఏమిటో, నీటి వసతి ఏమిటో విచారింపక, అప్పు తెచ్చి అతనికంటె ఒక మందు ఎక్కువ చల్లు రైతు ఎవరితో పోటీ పడుచున్నాడు? ప్రక్కవానికి ఆ పోటీ సంగతియే తెలియదు. వడ్డీ మాత్రము నిజము. అతని గట్టు మీదికి పోయి “ఎట్లు పండించితివన్నా?” అని అడుగుట నామోషీ కాదు. అడిగిన క్షణమున ప్రత్యర్థి గురువగును.

భగవద్గీత పండ్రెండవ అధ్యాయములో స్వామి తనకు ఇష్టుడైన భక్తుని లక్షణములను చెప్పనారంభించి, ఏ ప్రాణిని ద్వేషింపకుండుటను అన్నిటికంటె ముందు చెప్పినాడు. ఆడవద్దనలేదు, గెలువవద్దనలేదు. అర్జునునకు విల్లు దింపవద్దనియే చెప్పినాడు. ద్వేషము లేకుండ బాణము వేయగలుగుట ఆ ఉపదేశపు సారములలో నొకటి.

కనుక విద్యార్థులారా! మిమ్ము మించినవారితో తలపడ వెనుకాడవలదు. ఓడినచో ఎందువలన ఓడితిరో కూర్చుండి వ్రాసికొనుడు, రేపు ఉదయము ఆ లోపమును సరిదిద్దుటకు లేవుడు. గెలిచినచో ఓడినవాని వద్దకు ముందుగా మీరే నడచి పోవుడు. రెండు సందర్భములలోను ఎదుటివానిని గూర్చి చెడు మాట ఆడవలదు.

మహాశివరాత్రినాడు కోటప్పకొండకు మన పల్లెలనుండి ప్రభలు పోవును. మా ప్రభ ఎత్తంటే మా ప్రభ ఎత్తని ఊరూరికి పట్టుదల. నెలల తరబడి కఱ్ఱలు కట్టుదురు, చందాలు పోగు చేయుదురు. ఏ ఊరి ప్రభయైనను కొండ దిగువకు చేరిన పిమ్మట నిలుచునది ఆ త్రికోటేశ్వరుని యెదుటనే. పైనుండి చూచు స్వామికి ఏది ఎత్తో, ఏది పొట్టియో అను లెక్క లేదు. భుజము కాచి తెచ్చినవారి భక్తియే లెక్క. మీ స్పర్ధలన్నియు ఆ ప్రభల వలె స్వామి సన్నిధికి చేరునవి యగుగాక.

స్వస్తి.